తువ్వాలు మడతలో ఫోను

పేరాదెణియ
జనవరి 22

అక్కా,

పైన ఏమని రాయాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. ఒకదాని మీద "పూజ్య ధర్మదిన్నా మాతకు" అని రాసి చదువుకుంటే, ఏదో ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నట్టుంది. సన్యసించిన ఈ పన్నెండేళ్ళుగా నువ్వు లోకానికి మాతవే. కానీ నా జడలు లాగి అల్లిన చేతులు కూడా నీవే కదా. కుశీనగరంలో నిన్ను చూడగానే కాళ్ళకు మొక్కాలా, కావలించుకోవాలా అని సందేహపడి, చివరికి రెండూ చేయలేదు. మా యాత్ర బస్సులోని నలభైమందీ వరసగా నీకు మొక్కుతుంటే నేను సంచి సర్దుకుంటున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. ఆ సిగ్గు ఇంటికొచ్చాక కూడా వదల్లేదు.

పైగా ఫోన్ గురించి నీతో వాదన ఒకటి. "ఉత్తరం చేరడానికి పది రోజులు! నువ్వు వద్దన్నా సరే, నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను, చూస్తూ ఉండు" అని బెదిరించాను. నువ్వు నవ్వి, నేనిచ్చిన దానం పొట్లాన్ని రెండు చేతులా అందుకుని గోడవారగా ఉన్న పొట్లాల దొంతర మీద పెట్టేశావు. విప్పి చూడలేదు. పొద్దున బస్సు సీటు మీద కూర్చుని కట్టుకునే చీవరం, తువ్వాలు, సబ్బు, సూదీదారం, నొప్పుల మందు ఎంత ముచ్చటగా చుట్టానో నీకేం తెలుసు!

మరునాడు శ్రావస్తి సత్రంలో దిగి చూసుకుంటే నా ఫోన్ లేదు. మా వంటవాడు గుణదాస తీశాడని తేలింది. తేలింది అంటే ఫోన్ దొరకలేదనుకో, అందరూ అలాగే అనుకున్నారు. యాత్ర నడిపించే వీరకోన్ గారు అతని సామాను వెతికించారు. కాస్త గొడవైంది. ఇక ముందు అతన్ని ఏ బస్సులోనూ తీసుకురానని ఆయన అక్కడే చెప్పేశారు. పోనీలే, అయిపోయింది. ఫోటోలన్నీ పోయాయి, అదే బాధ.

ఇక్కడ వానలు ఇంకా పడుతూనే ఉన్నాయి. దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. తువ్వాలు నీకు సరిపోయిందా? పెద్దదే తీసుకున్నాను.

నీ ఇరోమి

*

సోనౌలీ సరిహద్దు
ఫిబ్రవరి 1

ఇరోమీ,

ముందు నన్ను కాసేపు తిట్టనివ్వు. ఇంత దొంగబుద్ధి నీకెక్కణ్ణుంచి వచ్చింది?

నేను ఆశ్రమంలో లేను. ఇద్దరు నేపాలీ మాతలతో లుంబినీ వెళుతున్నాను. నువ్వేదైనా ఉత్తరం రాసి ఉంటే అది కుశీనగరంలో నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పొట్లాలు వచ్చిన వరసలోనే విప్పడం నా అలవాటు. నీ పొట్లం వంతు ఈ ప్రయాణంలో వచ్చింది. పొద్దున సత్రం బావి దగ్గర స్నానానికని తువ్వాలు మడత విప్పితే, నల్లటి ఫోన్ ఒళ్ళో పడింది. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

తెచ్చి నా చేతిలో పెడతానన్నదానివి, అప్పటికే పెట్టేశావన్న మాట! మొదట కోపం వచ్చింది. తర్వాత ఆ కోపానికి సిగ్గేసింది. ఆ తర్వాత, నిజం చెబుతున్నాను, చాలా సంతోషమేసింది. ఈ సంతోషం నాకు తగదని తెలిసి కూడా.

దానికి ఛార్జింగ్ పెట్టడం ఎలా? నీ పొట్లంలో తీగ లేదు. బస్టాండు పక్కన ఫూల్‌మతి అనే ఆవిడ టీకొట్టుంది. చెక్కకు డజను తీగలు వేలాడగట్టి, సరిహద్దు దాటేవాళ్ళ ఫోన్లన్నీ అక్కడే పెడుతుంది. మా నియమం ప్రకారం నేను నోరు తెరిచి అడగకూడదు కదా, ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ నన్నూ ఫోన్నీ మార్చి మార్చి చూసి, "అన్నీ వదిలేసి గుండు కొట్టించుకున్నారు, ఇది మాత్రం వదల్లేదా మాతాజీ?" అంది. బెంచీ మీది లారీ డ్రైవరు, "మాతాజీకి రీళ్ళు చూసే వేళయింది, తొందరగా పెట్టమ్మా!" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు చూడు, అదీ నా వైరాగ్యం.

అరగంటకి ఫోన్‌కి ప్రాణం వచ్చింది. వచ్చీ రాగానే మోగింది. నాకు ఎత్తడం రాదు. ఫూల్‌మతే వేలితో గీసి నా చెవికి ఆనించింది.

"హలో! ఎవరైనా సరే, దయచేసి పెట్టేయకండి" అంది ఒక మగగొంతు. పరాయి దేశంలో మన భాష! ఎన్నాళ్ళయిందో ఫోన్‌లో విని.

"నేనొక శీలమాతను నాయనా" అన్నాను.

"మాతా! ఆ ఫోన్ మీ దగ్గరికెలా వచ్చింది?"

"మా చెల్లెలు ఇచ్చింది."

"ఏ ఊరు మీ చెల్లెలిది?"

"పేరాదెణియ. యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది."

ఊరి పేరు మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. "తన చేత్తోనే ఇచ్చిందా మాతా?" అన్నాడు చివరికి.

"రెండు చేతులతోనూ ఇచ్చింది" అన్నాను కాస్త గర్వంగానే.

"సరే మాతా. నాకది తెలిస్తే చాలు" అని పెట్టేశాడు.

ఎవరతను? నీకు తెలిసినవాడా? గొంతు బాగాలేదు. జబ్బు మనిషేమో.

ఫోన్ నాకు వద్దని చెప్పడానికి మొదలుపెట్టిన ఉత్తరం ఇది. వద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు.

త్రిరత్నాలే నీకు తోడు.
ధర్మదిన్నా
(అక్కా అనే పిలువు. ఈ ఉత్తరాలు ఇక్కడెవరూ చదవరు.)

*

పేరాదెణియ
ఫిబ్రవరి 13

అక్కా,

నీ ఉత్తరం అందింది. అవును, ఫోన్ నీకే. ముందే చెబితే తీసుకోవని అలా పెట్టాను. ఉంచుకో. సిగ్గుపడాల్సిందేముంది? ఈ రోజుల్లో పెద్ద పెద్ద స్వాముల దగ్గరే ఉంటున్నాయి.

కుశీనగరం వెళ్ళాక నా ఇంకో ఉత్తరం కనిపిస్తుంది. అందులో పోయిందని రాసింది వేరే ఫోన్. పాతది. ఏదో గజిబిజిలో రాశాను, పట్టించుకోకు.

ఆ ఫోన్ చేసినతను ఎవరో నాకు తెలియదు. నంబరు తప్పి చేసి ఉంటాడు. మళ్ళీ చేస్తే ఎత్తకు. వీలైతే అందులోని సిమ్ తీసి పారెయ్యి. అదెలా తియ్యాలో ఆ టీకొట్టావిడకి తెలిసే ఉంటుంది.

పేపర్లు ఇంకా దిద్దుతూనే ఉన్నాను. పెరట్లో పనస ఈసారి బాగా కాసింది. తినేవాళ్ళు లేరు. ఎక్కువ రాయలేకపోతున్నాను, తల నొప్పిగా ఉంది.

ఇరోమి

*

కుశీనగరం
ఫిబ్రవరి 24

ఇరోమీ,

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒక దాంట్లో ఫోన్ పోయింది. ఇంకో దాంట్లో ఫోన్ ఇచ్చావు. మధ్యలో పాత ఫోన్ ఒకటి పుట్టుకొచ్చింది.

నేను లుంబినీలో ఉండగా అతను మళ్ళీ చేశాడు. నీ ఉత్తరం అప్పటికి అందలేదు కాబట్టి ఎత్తాను. పేరు గుణదాస. శ్రావస్తి నాటి నుంచి, వాళ్ళనీ వీళ్ళనీ ఫోన్ అడిగి, నీ నంబరుకు రోజూ పొద్దున్నే చేస్తున్నాడట. ఎవరు తీశారో వాళ్ళు ఒక్కసారైనా ఎత్తకపోతారా, ఎక్కడ దొరికిందో అడుగుదామని. ఎత్తింది నేను. నేను చెప్పిందేమిటి? "మా చెల్లెలు రెండు చేతులతోనూ ఇచ్చింది." నువ్వు కావాలనే ఫోన్ నాకు దాచిపెట్టి, నేరం తన మీద వేశావని అతను అనుకుంటున్నాడు. అలా అనుకోవడానికి సాక్ష్యం చెప్పింది నేనే.

ఇంకొకటి కూడా చెప్పాడు. ఇక్కడ మా ఆశ్రమం ముందు బస్సు ఆగిన పొద్దున, నెలలు నిండిన కూతురితో మాట్లాడాలి, రెండు నిమిషాలు ఫోన్ ఇవ్వమని నిన్ను అడిగాడట. ఛార్జింగ్ లేదన్నావట. రెండు ఫోన్లున్న మనిషివి, ఇంకోటి ఇవ్వకపోయావా?

అతనొక ప్రశ్న అడిగాడు. నీకు పంపుతున్నాను. "ఫోన్ ఆమె మీకిచ్చిందే అయితే, నేను సంచిలోంచి తియ్యడం కళ్ళారా చూశానని అందరి ముందూ ఎందుకంది మాతా?"

చూశానన్నావా, ఇరోమీ?

ధర్మదిన్నా

*

పేరాదెణియ
మార్చి 7

అక్కా,

అన్నాను.

ఈ ఒక్క మాట రాసి రాత్రంతా కాగితం సొరుగులో పెట్టాను. ఇది రాసేశాక మిగతాది తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఫోన్ నీకు కావాలని పెట్టలేదు. బస్సులో పొట్లం చుడుతూ దాన్ని ఫోటో తీసుకున్నాను, అందంగా ఉందని. తీసి, ఫోన్ పక్కన పెట్టి, తువ్వాలు మడిచాను. ఆ మడతలోకే పోయి ఉంటుంది. నీ ఉత్తరం వచ్చేదాకా ఇది నాకు తెలియదు. అంతవరకు నిజం. తెలిశాక నేను చేసిన మొదటి పని ఏమిటో నీకు తెలుసు.

ఛార్జింగ్ గురించి అతను చెప్పింది కూడా నిజమే. ఫోన్ నిండుగా ఉంది. మసాలా అంటిన చేతులు చూసి ఇవ్వబుద్ధి కాలేదు. లేదన్నాక అతను "పర్లేదు టీచర్" అని వెళ్ళిపోయాడు. శ్రావస్తిలో సంచి ఖాళీగా కనపడగానే నాకు గుర్తొచ్చింది ఆ ముఖమే. అడిగాడు, ఇవ్వలేదు, అందుకే తీశాడు. నా మనసు ఇంత చకచకా లెక్క కట్టింది. పిల్లలకి ఆధారం లేకుండా తీర్మానం చేయొద్దని ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పే మనసు!

వీరకోన్ గారు "ఎవరి మీదైనా అనుమానమా టీచర్?" అని అడిగారు. గుణదాస అన్నాను. "అనుమానంతో ఒకరి సామాను విప్పించలేను. చూశారా?" అన్నారు. అందరూ నావైపే చూస్తున్నారు. లేదంటే నేను ఊరికే ఒకర్ని అన్నదాన్నవుతాను. "చూశాను, సంచిలో చెయ్యి పెట్టడం" అన్నాను. అప్పుడు నాకు నిజంగానే చూసినట్టు అనిపించింది అక్కా. ఇది సాకు అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

సత్రం ముంగిట్లో చాప పరిచి అతని మూట విప్పించారు. రెండు లుంగీలు, కారప్పొడి డబ్బా, భార్యకని కొన్న గాజులు. ఇంకా, పాత దినపత్రిక మడతల్లో బోధివృక్షం ఆకులు. రాలినవే, చుట్టుపక్కల ఇళ్ళకి పంచడానికి ఒక్కోటీ విడివిడిగా పరిచి పెట్టుకున్నాడు. ఎవరో ఫోన్ ఉందేమోనని ఆ పత్రిక దులిపారు. ఆకులు ముంగిలంతా చెదిరాయి. మేమంతా చూస్తుండగా ఏరుకున్నాడు. ఒక్కమాట అనలేదు. ఆ మధ్యాహ్నం నుంచి ఆడవాళ్ళే వండారు, దొంగ చేతి కూడు యాత్రలో తినకూడదని. అతను మాత్రం ఇంటికొచ్చేదాకా గిన్నెలు తోముతూనే ఉన్నాడు.

నలభైమందిమీ తెల్లబట్టలేసుకుని రోజూ పొద్దున పంచశీలం చెప్పుకునేవాళ్ళం. నాలుగోది, అబద్ధమాడనన్నది, చెప్పేటప్పుడు కూడా నా గొంతు ఎక్కడా తడబడలేదు.

ఏం చెయ్యాలో చెప్పు. నువ్వు చెబితే చేస్తాను.

ఇరోమి

*

కుశీనగరం
మార్చి 18

ఇరోమీ,

నేను చెబితే చేస్తానన్నావు. అందుకే ఏమీ చెప్పను. రేపు దాన్ని కూడా నా మీద పెడతావు.

నా వంతు నేను చేశాను. ఫోన్ దానం కాదని, తెలియక మడతలో పడిందని అతనికి చెప్పాను. అంతా విని, "ఫోన్ జారిపడి ఉండొచ్చు మాతా, కాదనను. ఆ మాట జారింది కాదు. వీరకోన్ గారు రెండుసార్లు అడిగాక ఆలోచించుకుని అన్నారు" అన్నాడు. తర్వాత మనవరాలు పుట్టిందని చెప్పాడు. పేరు పెట్టమన్నాడు. అంత జరిగాక నన్ను పేరు పెట్టమన్నాడు!

ఇవ్వనిది నా దగ్గర ఉండకూడదు. ఎల్లుండి ఇక్కడికొచ్చే మనవాళ్ళ బస్సులో ఫోన్ వీరకోన్ గారికి పంపుతున్నాను. ఎక్కడ దొరికిందో రాసి చీటీ కూడా కడుతున్నాను. ఆ చీటీ ఆయన చదివేలోపు నీ నోటితో చెబుతావో, చదివాక చెబుతావో నీ ఇష్టం.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ఆ ఫోన్ నాకోసమే అనుకున్న ఆ నాలుగు రోజులు నేనెంత సంతోషపడ్డానో నాకే తెలుసు.

ధర్మదిన్నా

*

పేరాదెణియ
ఏప్రిల్ 11

అక్కా,

ముందు గుణదాస ఇంటికి వెళ్ళాను. రంబుక్కన దాటి కొంత దూరం నడవాలి. దారి అడిగితే, "ఎవరు, యాత్రలో ఫోన్ తీసిన గుణదాసేనా?" అన్నాడు కొట్టు దగ్గరి పెద్దాయన. నేను అవునన్నాను. అక్కా, అవునన్నాను! వేరే ఎలా చెప్పాలో ఆ క్షణాన తోచలేదు.

వాకిట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. "లీలావతీ, ఫోన్ టీచర్ వచ్చారు, కుర్చీ వెయ్యి" అని లోపలికి కేకేశాడు. ఆవిడ కుర్చీ మీద తెల్లగుడ్డ పరిచింది. నేను కూర్చోలేదు.

"నన్ను క్షమించండి గుణదాసగారూ" అన్నాను.

"గారు ఎప్పట్నుంచి టీచర్?" అన్నాడు కాయ ఒలుస్తూనే.

జరిగిందంతా చెప్పాను. ఎక్కడా తగ్గించకుండా చెప్పాననే అనుకుంటున్నాను. అంతా విని, "ఇదంతా ఇక్కడెందుకు చెబుతున్నారు? ఈ ఇంట్లో నన్నెవరూ దొంగ అనలేదే. అన్నచోట చెప్పండి" అన్నాడు.

"శ్రావస్తి దాకా ఎలా వెళుతుంది పాపం ఆవిడ!" అంది లీలావతి టీ అందిస్తూ.

"శ్రావస్తెందుకే? పౌర్ణమికి ఆ నలభైమందీ వీరకోన్ గారి ఊరి విహారంలో కలుస్తున్నారు. యాత్ర ముగింపు దానం. అక్కడ చెప్పమను. నేనూ వస్తాను. వంట నేనే చేస్తాను, తింటే తింటారు, లేకపోతే లేదు."

టీ తాగాను. వద్దనే హక్కు లేదనిపించింది.

వీరకోన్ గారింటికి వెళ్ళేసరికి నీ చీటీ ఆయన చేతిలోనే ఉంది. ఫోన్ బల్ల మీదుంది. "దొరికింది కదా టీచర్. అతనితో నేను నెమ్మదిగా మాట్లాడతాను. నలుగురిలో ఎందుకు, మీ పరువు కూడా చూడాలి కదా" అన్నారు. ఒక్క నిమిషం, అక్కా, ఒక్క నిమిషం పాటు నాకది ఎంతో సబబుగా వినిపించింది. తర్వాత మైకు అడిగాను. వంటకి గుణదాసే ఉండాలన్నాను.

నిన్న పౌర్ణమి. అందరూ తెల్లబట్టల్లో చాపల మీద కూర్చున్నారు. పిండివంటలు, పండ్లు, యాత్ర ఫోటోల పుస్తకాలు చేతులు మారుతున్నాయి. స్వాములకు వడ్డన మొదలుకాకముందు వీరకోన్ గారు నన్ను పిలిచారు. కాగితం మీద రాసుకుని వెళ్ళాను. చదవలేదు. ఫోన్ నా చేత్తో నేనే పొట్లంలో చుట్టానని, గుణదాస తియ్యడం నేను చూడలేదని, చూశానని అబద్ధం చెప్పానని అన్నాను. ఆ తర్వాత మా అక్కకు కూడా అబద్ధం రాశానని చెప్పాను.

అప్పుడు వీరకోన్ గారు మైకు అందుకున్నారు. "ఎంత గొప్ప మనసు! ఇంత చదువుకున్న టీచర్ నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకోవడమంటే మాటలా? ఈ పుణ్యాన్ని మనమంతా అనుమోదిద్దాం."

"సాధు! సాధు! సాధు!" అని నలభై గొంతులూ ఒక్కసారి లేచాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఎవరో నా చెయ్యి పట్టుకుని, "పొరపాట్లు అందరం చేస్తాం టీచర్, మీలా చెప్పుకునేవాళ్ళు ఎందరున్నారు?" అన్నారు. నాకు తేలిగ్గా అనిపించింది. దాచి ఏం లాభం, హాయిగా అనిపించింది.

వెనక వంటశాలకి వెళ్ళాను. గుణదాస పప్పు కలుపుతున్నాడు.

"విన్నారా?" అన్నాను.

"విన్నాను. చెప్పాల్సింది చెప్పారు. అబద్ధం లేదు." గరిట అంచుకి కొట్టి దులిపాడు. "సాధు మీకన్నారు."

నేను వెనక్కి తిరిగి హాలు వైపు చూశాను.

"నేను తప్పు పట్టట్లేదు టీచర్, ఉన్నమాట చెబుతున్నా. శ్రావస్తిలో నా మూట విప్పిన రోజు కూడా వాళ్ళు మీ చుట్టూనే చేరారు, పాపం ఫోన్ పోయిందని. ఇవాళా మీ చుట్టూనే చేరారు. ఉప్పు చూస్తారా?" అని కాస్త పప్పు నా అరచేతిలో వేశాడు.

ఉప్పు సరిపోయింది. తిరిగి హాల్లోకి వెళ్ళాను. వడ్డన మొదలుపెడుతున్నారు. వీరకోన్ గారు వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నా మైకు తీసుకున్నాను. ఈసారి కాగితం లేదు, ముందుగా అనుకున్న మాటలూ లేవు.

"మీరు నన్ను మెచ్చుకున్నారు. నేను చేసింది ఇంకోసారి వినండి. అన్నది నేను. కానీ ఆ మూట విప్పుతుంటే మనందరం చుట్టూ నిలబడి చూశాం. ఆ ఆకులు దులిపినప్పుడు ఒక్కరం వంగి ఒక్క ఆకు తీసివ్వలేదు. నాలుగు రోజులు ఆయన మనం తిన్న గిన్నెలు తోమాడు, తోమనిచ్చాం. ఆయన దొంగ కాడని ఇవాళ తెలిసింది. తెలిసి ఇంత సేపయింది, మనలో ఒక్కరం లేచి వంటశాల దాకా వెళ్ళలేదు. నాకు సాధు అని ఇక్కడే కూర్చున్నాం."

ఈసారి ఎవరూ సాధు అనలేదు, అక్కా.

ఇరోమి